ఆ ఒక్క మాట దగ్గర నా నోరు ఆగిపోతోంది

పేరు బయటపెట్టొద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 34 ఏళ్ళు. ఇంట్లో భర్త, ఏడేళ్ళ కూతురు, ఇప్పుడు వాళ్ళతోనే ఉంటున్న తండ్రి. పదకొండు నెలల కిందట తల్లి పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు. జబ్బు బయటపడ్డాక ఉన్నది ఐదు నెలలే.

వాళ్ళది కతోలిక కుటుంబం. సాయంత్రం జపమాల అయ్యాక అందరూ కలిసి మరియమాతను వేడుకునే మెమోరారే ప్రార్థన చెప్పుకోవడం ఆమె చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఇంట్లో దాన్ని ‘నెనరుగల తల్లి జపం’ అంటారట. ‘దయగల కన్య మరియమ్మా, జ్ఞాపకం చేసుకోండి. మీ శరణు కోరి పరుగెత్తి వచ్చినవాళ్ళలో ఒక్కరినైనా మీరు విడిచిపెట్టారని లోకంలో ఎన్నడూ విన్నది లేదు’ అన్నది దాని మొదటి వాక్యం సారం. అమ్మ మంచాన పడ్డాక ఈమె రోజూ రాత్రి పక్కన కూర్చుని ఆ జపం వరసగా తొమ్మిదిసార్లు చెప్పేవారు. చివరి వారంలో నోట మాట పోయినా, కూతురు చెబుతుంటే అమ్మ ఆమె వేళ్ళ మీద బొటనవేలితో ఒక్కో జపానికి ఒక్కో గీత గీసేదట. ఒక రాత్రి ఏడోసారి చెబుతూ చెబుతూ ఈమె మంచం పట్టె మీద తల వాల్చి నిద్రపోయారు. ఆ తర్వాత నాలుగో రోజున అమ్మ పోయారు. వారం తిరక్కముందే పెద్దమ్మ, ‘లెక్క తప్పితే నవేనా ఫలించదే’ అన్నారు. నవేనా అంటే తొమ్మిది లెక్కన చేసే ప్రార్థన.

అప్పటి నుంచీ సాయంత్రం జపంలో ‘ఎన్నడూ విన్నది లేదు’ దగ్గరకొచ్చేసరికి ఆమె పెదాలు కదలడం లేదు. మిగతా అంతా చెబుతారు, అక్కడ మాత్రం ఆగిపోతారు. నెల కిందట పాప అందరి ముందూ అడిగేసింది: ‘అమ్మా, నువ్వెందుకు అక్కడ ఆపేస్తావు? మరియమ్మ అమ్మమ్మని వదిలేసిందా?’ తండ్రి ఏమీ అనలేదు. కానీ మర్నాటి నుంచి ఆ మాట దగ్గరకొచ్చాక ఆయన గొంతు నెమ్మదిస్తోందట. భర్తేమో, ‘మామయ్య కోసం చెప్పేస్తే పోలా, నీ సొమ్మేం పోయింది?’ అంటున్నారు. అమ్మ పోవడానికి తన నిద్ర కారణమా? నమ్మకం లేకుండా ఆ మాట చెప్పడం దేవుడి ముందు అబద్ధమాడటమా? నాన్నతో ఏమనాలి, పాపకి ఏం చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు పెద్దమ్మగారి మాట తేల్చేద్దాం. అది మనసులో ఉన్నంతసేపూ నేను ఇంకేం చెప్పినా మీ చెవికెక్కదు.

మీరు ఏడు దగ్గర నిద్రపోయినందుకు అమ్మ పోలేదు. పాంక్రియాస్ క్యాన్సర్ చాలామందిలో ముదిరాక గానీ బయటపడదు, అమ్మగారి విషయంలోనూ అదే జరిగిందని మీ ఉత్తరమే చెబుతోంది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు. శ్రీసభ, అంటే కతోలిక చర్చి, బోధన కూడా పెద్దమ్మగారి వైపు లేదు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశంలో, అంటే శ్రీసభ బోధనల అధికారిక గ్రంథంలో, 2111వ పేరా తీసి చూడండి. లోపలి మనసుతో పని లేకుండా, పైకి చేసే తంతు వల్లే ప్రార్థన ఫలిస్తుందనుకోవడం మూఢనమ్మకంలో పడటమేనని అందులో ఉంది. నవేనాలో తొమ్మిది అనే అంకె, యేసు పరలోకానికి ఎక్కిపోయాక పవిత్రాత్మ దిగివచ్చేదాకా శిష్యులు, మరియమ్మ కలిసి ప్రార్థిస్తూ ఎదురుచూసిన రోజుల్ని గుర్తు చేస్తుంది. అన్ని రోజులు ఆగే వీల్లేనప్పుడు మదర్ థెరిసాగారు మెమోరారేని ఒక్క ఊపులో తొమ్మిదిసార్లు చెప్పి, పదోసారి ముందుగానే కృతజ్ఞతగా చెప్పేవారు. మీ పద్ధతి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అందులో ఉన్నది తొందరపాటుతో కూడిన చనువు. ఏడు దగ్గర ఆపితే తెరుచుకోకపోవడానికి అదేమీ అంకెల తాళం కాదు.

నిద్ర సంగతికొస్తే, మీకు మంచి తోడే ఉంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసిని చిన్న తెరేసమ్మగారు మఠంలో ఏళ్ళ తరబడి ప్రార్థన వేళ కునికిపాట్లు పడేవారు. నిద్రపోతున్న బిడ్డలైనా, మెలకువగా ఉన్న బిడ్డలైనా తల్లిదండ్రులకు ఒకటే కదా అని ఆవిడ ధైర్యంగా రాసుకున్నారు. ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టర్లు రోగిని నిద్రపుచ్చుతారు కదా అని కూడా అన్నారు. ఆవిడ్ని శ్రీసభ పునీతురాలిగా, అంటే సెయింట్‌గా, నిలబెట్టింది. మరి ఐదు నెలలు రాత్రిళ్ళు మేలుకుని ఒక్క రాత్రి తల వాల్చిన మీ మీద ఎందుకమ్మా ఇంత కోపం? ఆ కోపం కూడా వేరే ఎవరిదో కాదు, మీదే.

ఇంకోటి. నాలుగో పేజీలో బ్రాకెట్లో పెట్టి ఒక మాట రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. ‘నేను లేచేసరికి అమ్మ చెయ్యి నా తల మీద ఉంది’ అని. నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. నోట మాట లేని మనిషి, అప్పటిదాకా మీ వేళ్ళ మీద గీతలు గీస్తూ లెక్కపెడుతున్న మనిషి, మీరు ఆగిపోయాక కూడా మేలుకునే ఉందన్నమాట. మిగిలిన రెండూ ఆ చెయ్యి చెప్పిందో లేదో నాకు తెలీదు. లెక్క తప్పిందని మీరు మాత్రం అంత గట్టిగా ఎలా అనగలరు?

ఇక అసలు ముడి. ‘విడిచిపెట్టారని ఎన్నడూ విన్నది లేదు’ అనే వాక్యం.

ఈ వాక్యం మీకు ఒక హామీ పత్రంలా వినిపిస్తోంది: అడిగితే జరుగుతుంది, అడిగినా జరగలేదు, కాబట్టి ఇది అబద్ధం. అలా వినిపించడంలో మీ తప్పు లేదు. ‘ఎప్పుడూ వమ్ము కాని ప్రార్థన’ అంటూ చేతులు మారే కరపత్రాలు, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే ఫార్వర్డ్ మెసేజ్‌లు ఈ చెవుల్ని ఎప్పటి నుంచో పాడుచేశాయి. వాటిమీద నాకున్న చిరాకు ఇక్కడ రాస్తే పేజీ చాలదు, వదిలేద్దాం. లాటిన్ మూలంలో మాత్రం అక్కడున్న పదం ‘దేరెలిక్తుమ్’. విడిచిపెట్టబడటం, దిక్కులేకుండా ఒంటరిగా వదిలేయబడటం అని అర్థం. అడిగింది అందకపోవడం అనే అర్థం అందులో లేదు.

మీకు నమ్మకం కుదరకపోతే ఇంకొక చోట చూడండి. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో సిలువ మీద యేసు ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు’ అని కేక వేస్తారు. వందల ఏళ్ళు శ్రీసభ చదివిన లాటిన్ బైబిలులో ఆ ‘విడిచిపెట్టావు’ కూడా అదే క్రియ. యోహాను సువార్త ప్రకారం ఆ సిలువ దగ్గర నిలబడి ఉన్నది ఆయన తల్లి. మీ నోటికి రానంటున్న మాటకు సరిగ్గా ఎదురు మాటను ఆమె తన కొడుకు నోటివెంటే విన్నది. మేకులు పీకలేకపోయింది, చావు ఆపలేకపోయింది. కానీ కదలకుండా అక్కడే నిలబడింది. ‘ఈమె విడిచిపెట్టదు’ అని ఆమె గురించి అనాల్సి వచ్చినప్పుడు, పాతకాలం వాళ్ళ మనసులో ఉన్న బొమ్మ ఇదేనేమో అని నా అనుమానం.

ఈ ప్రార్థనను ఊరూరా తెలిసేలా చేసిన మనిషి కథ కూడా మీరు వినాలి. చాలామంది దీన్ని 12వ శతాబ్దపు పునీత బెర్నార్దువారు రాశారనుకుంటారు. నిజానికి ఇది 15వ శతాబ్దంలో కనిపించే ఒక పొడుగాటి ప్రార్థనలో ఒక ముక్క. దీన్ని జనంలోకి తెచ్చింది క్లోద్ బెర్నార్ అనే ఫ్రెంచి ఫాదర్, 1588 నుంచి 1641 వరకు బతికినాయన. పేరులో బెర్నార్ ఉండటంతో ఇద్దరినీ కలిపేసుకున్నారు. ఈయన పారిస్‌లో పేదల మధ్య, జైళ్ళలో, ముఖ్యంగా మరణశిక్ష పడ్డ ఖైదీల మధ్య తిరిగేవాడు. రకరకాల భాషల్లో ఈ జపం రెండు లక్షలకు పైగా కాగితాలు అచ్చువేయించి పంచాడు.

ఆ జైలు గది ఒకసారి ఊహించుకోండి. మర్నాడు ఉరి తీయబోయే మనిషి, అతని పక్కన ఈ ఫాదర్. ఇద్దరూ కలిసి ‘మీరు విడిచిపెట్టారని ఎన్నడూ విన్నది లేదు’ అంటారు. పొద్దున ఉరి ఆగదు. ఆ ఫాదర్ మళ్ళీ ఇంకో ఖైదీ దగ్గరికి వెళ్ళి అదే జపం చెప్పిస్తాడు. ఈ మాటకి ‘నువ్వు బతుకుతావు’ అనే అర్థమే గనక ఉంటే, రెండో ఖైదీ దగ్గర చెప్పడానికి ఆయనకి నోరెలా వస్తుంది? ఆయన దీన్ని ఇంకో అర్థంలోనే చెప్పి ఉండాలి: చివరి మెట్టు దాకా నీ పక్కన ఎవరో ఒకరు ఉంటారు అని. ఆయన ఆ మాటను తన కాళ్ళతో నడిచి నిజం చేశాడు.

మీ అమ్మ మంచం పట్టె మీద ఐదు నెలలు మీరు చేసింది కూడా అదే పని.

అయినా, అమ్మను ఎందుకు బతికించలేదనే ప్రశ్న అలాగే ఉంటుంది. చిన్న తెరేసమ్మగారి ఇల్లే చూడండి. తల్లి జేలీ మార్తెన్‌కి రొమ్ము క్యాన్సర్. 1877 జూన్‌లో పెద్ద కూతుళ్ళని తీసుకుని, రోగులు స్వస్థత కోరి వెళ్ళే మరియమాత క్షేత్రం లూర్దుకి వెళ్ళింది, ఆ నీళ్ళలో మునిగింది, నయం కాలేదు. ఆగస్టులో పోయింది. అప్పటికి తెరేసమ్మకి నాలుగేళ్ళు. ఆరేళ్ళ తర్వాత, 1883 మేలో, పదేళ్ళ తెరేసమ్మ అంతుపట్టని జబ్బుతో మంచంలో ఉంటే, గదిలోని మరియమాత విగ్రహం తనను చూసి నవ్విందని, ఆ క్షణమే తనకు నయమైందని చెప్పింది. ఆ విగ్రహం ముందు జేలీ కూడా ప్రార్థించేది. ఒకే కుటుంబం, ఒకే విగ్రహం. కూతురికి నయమైంది, తల్లికి కాలేదు. తల్లి భక్తి తక్కువైందా అంటే, 2015లో ఆమెనీ భర్తనీ కలిపి పునీతులుగా ప్రకటించారు. దీని వెనక లెక్క ఏమిటో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళకి మీరు కొంచెం దూరంగా ఉండటం మంచిది.

నమ్మకం లేకుండా ఆ మాట చెప్పడం అబద్ధమవుతుందా? నా ఉద్దేశంలో అది మీరు ఎందుకు చెబుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. తర్వాతి కాలంలో బిషప్, పునీతుడు అయిన ఫ్రాన్సిస్ దె సాలెస్ వారు పారిస్‌లో చదువుకుంటున్నప్పుడు, పందొమ్మిదేళ్ళ వయసులో, తను నరకానికే రాసిపెట్టి ఉన్నాననే భయంతో వారాల తరబడి తిండీ నిద్రా లేక నలిగిపోయారు. చివరికి ఒక గుడిలో మరియమాత విగ్రహం ముందు మోకరించి చెప్పుకున్నది ఈ జపమే. తనను దేవుడు విడిచిపెట్టేశాడని అనుకుంటున్న మనిషి, ‘మీరు ఎవరినీ విడిచిపెట్టరు’ అన్నాడు. అది అబద్ధమా? మునిగిపోతున్నవాడు తాడు పట్టుకోవడం లాంటిది. తాడు గట్టిదని నిరూపణ అయ్యాకే పట్టుకుంటానంటే కుదరదు. అలాగని మీరూ పట్టుకుని తీరాలని నేననడం లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఇప్పుడు చేస్తున్నట్టే ఆ మాట దగ్గర మౌనంగా ఉండిపోవచ్చు. అది నిజాయితీ గల మౌనమే. ప్రార్థనలో కాస్త తర్వాత ‘మూలుగుతూ మీ ముందు నిలబడ్డాను’ అనే మాట ఉంది, మీ మౌనాన్ని అందులో కలుపుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లో అందరికీ తెలిసిపోయిన మౌనం ఇక మౌనంగా ఉండదు. పాప దానికి అర్థం వెతుకుతోంది, నాన్నగారు జవాబు వెతుకుతున్నారు. కారణం చెప్పకుండా ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే, ఆ ఒక్క వాక్యం మీ ఇంట్లో ప్రార్థన కన్నా పెద్దదైపోతుంది.

మీవారు చెప్పినట్టు అనేయవచ్చు. అందరితో కలిసి చెప్పే జపంలో ఒక సౌలభ్యం ఉంది. ఒకరి నమ్మకం కాస్త వెనకబడితే పక్కవాళ్ళది మోసుకెళుతుంది. ‘ఈ రోజుకి ఇది నాన్న మాట, నేను గొంతు కలుపుతున్నాను’ అనుకుని చెప్పగలిగితే తప్పేమీ లేదు. కానీ కేవలం నాన్నగారు చూస్తున్నారని, గొడవ వద్దని చెబితే మాత్రం, రోజూ సాయంత్రం ఏడు గంటలకి మీకు టెన్షన్ మొదలవుతుంది. కొన్నాళ్ళకి జపమాల దగ్గరికి రావడానికే కాళ్ళు ఆడవు. ‘నీ సొమ్మేం పోయింది’ అన్నారు కదా మీవారు. పోయేది ఏమిటో ఆయనకి ఒకసారి విడమరిచి చెప్పండి, విననివాడేం కాదనిపించింది నాకు.

మూడోది, కొన్నాళ్ళు ఆ జపం స్థానంలో ఇంకోటి చెప్పుకోవడం. ‘మీ శరణు జొచ్చాము’ అని మొదలయ్యే అతి పాత ప్రార్థన ఒకటుంది, లాటిన్‌లో సుబ్ తూమ్ ప్రెసీదియుమ్. దాని గ్రీకు మూలం ఉన్న పపైరస్ ముక్క మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉంది. మెమోరారే ‘ఎన్నడూ విన్నది లేదు’ అని ఢంకా బజాయిస్తుంది. ఇది మాత్రం ‘కష్టంలో ఉన్న మా మొరలు తోసిపుచ్చకండి’ అని అడిగి ఊరుకుంటుంది. అడగడం ఇప్పుడు కూడా మీ వల్ల అవుతుందేమో. మరియమ్మను ‘కన్నీటి లోయలో’ ఏడుస్తూ పిలిచే సాల్వే రెజీనా కూడా ఉంది. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. జపాల పుస్తకంలో అమ్మగారి చేతిరాతతో ఉన్నది మెమోరారే కాగితమని రాశారు. దాన్ని పక్కన పెడదామంటే నాన్నగారికి భార్య వస్తువు ఇంకోటి ఇంట్లోంచి తీసేస్తున్నట్టు అనిపించవచ్చు. కాబట్టి ఇది ఆయనతో మాట్లాడాకే. లేదా ఆయన జపం ఆయనది, పడుకునే ముందు మీ జపం మీది.

కొన్నాళ్ళు జపానికే రాకుండా ఉండటం నాలుగోది. అలసిపోయిన మనిషికి అది నేరమేమీ కాదు. కానీ మీ ఉత్తరం చదివితే, మీరు జపమాలను వదిలేయాలనుకుంటున్న మనిషిలా నాకు కనిపించలేదు. మొత్తం చెబుతూ ఒక్క మాట దగ్గరే ఆగేవాళ్ళు ఆ మాటను చాలా సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు.

పాప సంగతి మాత్రం ఆలస్యం చేయొద్దు. అడిగి నెల అయింది, జవాబు రాలేదు. ‘మరియమ్మకి అమ్మమ్మ బాగా నచ్చి తీసుకెళ్ళిపోయింది’ లాంటివి చెప్పకండి. ఏడేళ్ళ పిల్ల ఆ రాత్రే ‘మరి మా అమ్మ కూడా నచ్చితే?’ అని దుప్పటి కింద ఏడుస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి: ‘అమ్మమ్మ బతకాలని నేను చాలా అడిగాను. బతకలేదు. అందుకే ఆ మాట దగ్గర నాకు ఏడుపొస్తుంది, నోరు రాదు. అమ్మమ్మ దగ్గర చివరిదాకా మనందరం ఉన్నాం.’ మరియమ్మ వదిలేసిందా అని మళ్ళీ అడిగితే, ‘లేదని తాతయ్య నమ్ముతాడు, నాకు ఇంకా తెలీడం లేదు’ అనండి. పెద్దవాళ్ళు తెలీదు అంటే పిల్లలు బెదిరిపోరు. నువ్వు జబ్బు చేసినా ఇలాగే అవుతుందా అని అడిగితే మాత్రం, ఆ భయానికి వేరుగా, నెమ్మదిగా జవాబు చెప్పండి.

పెద్దమ్మగారికి మీరు ఏమీ అనకపోయినా ఫరవాలేదు. ఆవిడ పోగొట్టుకున్నది చెల్లెల్ని. లెక్క తప్పిందనుకుంటే కారణం దొరికినట్టుంటుంది, కారణం దొరికితే కాస్త ఊపిరాడుతుంది. మళ్ళీ ఆ మాట అంటే ‘పెద్దమ్మా, ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, అనకండి’ అంటే చాలు. నిజంగానే రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఆ ఏడో జపమే తిరుగుతూ ఉంటే, డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ కలవండి. ఫాదర్‌గారితో మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, కానీ ఆ రాత్రి నిద్రపోయినందుకు పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) చేయాలని మాత్రం వెళ్ళకండి. అది పాపం కాదు.

మిగిలింది నాన్నగారు. పాప అడిగాక ఆయన గొంతు నెమ్మదిస్తోందని రాశారు. మీరు దాన్ని మందలింపు అనుకుంటున్నారు. మీరు అందుకోవాలని ఆగుతున్నారేమో. లేక ఆయనకీ ఆ మాట అంత తేలిగ్గా రావడం లేదేమో, ఇన్నాళ్ళూ వేగంగా చెప్పి దాటేస్తున్నదాన్ని పాప ప్రశ్న పట్టి ఆపిందేమో. ఇవన్నీ నా ఊహలే, అసలు సంగతి ఆయనే చెప్పాలి. మాట్లాడితే ఆయన నొచ్చుకోవచ్చు, ‘నీకు విశ్వాసం సన్నగిల్లింది’ అనవచ్చు. అంటే వాదించకండి. ఆయన ఆ వాక్యాన్ని గోళ్ళతో పట్టుకుని వేలాడుతున్నాడేమో, లాటిన్ పదాలు చెప్పి వేళ్ళు విడదీయకూడదు. జపం జరిగే గదిలో, జపం జరిగే వేళలో ఈ మాట ఎత్తకండి. ఇంకెప్పుడైనా, పాప స్కూల్లో ఉన్నప్పుడు, అమ్మగారి చేతిరాత కాగితం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టండి. మొదలెట్టడానికి మీ బాధ చెప్పాల్సిన పనిలేదు. ‘నాన్నా, ఈ జపం మీకు అమ్మ నేర్పిందా, అమ్మకి మీరు నేర్పారా?’ అని అడగండి.